స్టాటిస్టిక్స్ ఫ్యాకల్టీ ఇంటర్వ్యూలో ఏం చూస్తారు?

"అనంతపురంలో ఎమ్మెస్సీ స్టాటిస్టిక్స్ చదువుతున్నాను. అసిస్టెంట్ ప్రొఫెసర్ ఇంటర్వ్యూలో ఏం చూస్తారు?" అని అడిగారు. నేను ఇదే జిల్లాలో తొమ్మిదేళ్లుగా స్టాటిస్టిక్స్ చెబుతున్నాను, గెస్ట్ లెక్చరర్‌గానే, పర్మనెంట్ కాదు. నాకు తెలిసింది చెబుతాను.

ముందు కాగితాల సంగతి. 2018 యూజీసీ నిబంధనల్లో డిగ్రీ, పీజీ, నెట్ (లెక్చరర్ ఉద్యోగానికి జాతీయ అర్హత పరీక్ష), పీహెచ్‌డీ, అచ్చయిన రీసెర్చ్ పేపర్లు, అనుభవం అన్నింటికీ మార్కులున్నాయి. అవి ఇంటర్వ్యూకు పిలవడం వరకే పనికొస్తాయి, ఉద్యోగం ఇంటర్వ్యూను బట్టే. అనుభవానికి ఏడాదికి 2 చొప్పున 10 మించవు. అంటే నేను చెప్పిన తొమ్మిదేళ్లలో నాలుగేళ్లకు లెక్కే లేదు. యూజీసీ నెట్‌లో మన సబ్జెక్టు లేదు కాబట్టి సైన్స్ సబ్జెక్టులకు ఉండే సీఎస్ఐఆర్ నెట్‌లో మ్యాథమేటికల్ సైన్సెస్ పేపరే రాయాలి, మ్యాథ్స్ వాళ్లతో కలిసి. ఇది నాకు ఎప్పటికీ మింగుడుపడదు.

ఇప్పుడు అసలు విషయం. కొన్నేళ్ల కిందట ఒక గెస్ట్ పోస్టుకు ఇంటర్వ్యూకి వెళ్లాను. తెల్లవారుజామున ఊళ్లో బస్సెక్కి, ఒరిజినల్స్ ఫైలు ఒళ్లో పెట్టుకుని వెళ్తే, మధ్యాహ్నం రెండున్నరకు పిలిచారు. లోపల నలుగురున్నారు. స్టాటిస్టిక్స్ చదివినవాళ్లు ఒక్కరూ లేరు. రెగ్యులర్ పోస్టులైతే బయటి సబ్జెక్ట్ ఎక్స్‌పర్టులు కనీసం ఇద్దరు లేనిదే సెలక్షన్ కమిటీ కూర్చోకూడదు. గెస్ట్ పోస్టులకు ఆ పట్టింపు నేనెక్కడా చూడలేదు. మన పిల్లలకు పాఠాలు చెబుతున్నది ఎక్కువగా గెస్టులే కదా!

మొదటి ప్రశ్న: "కాంపాక్ట్ సెట్ అంటే ఏంటమ్మా?" చెప్పాను. రెండోది గ్రూప్ థియరీ. రెండూ మ్యాథ్స్ ప్రశ్నలే. మూడోది, "పేపర్లు ఎన్ని?"

"సార్, పది నిమిషాలు బోర్డు మీద పాఠం చెప్పనిస్తారా?" అని నేనే అడిగాను. ఒకాయన గడియారం చూసి, సరే కానీమన్నారు.

మా నాయన చేను కథ ఎత్తుకున్నాను. ఒక ఏడు పంట కోత ప్రయోగానికి, అంటే కొన్ని చోట్ల కోసి ఊరి దిగుబడి అంచనా కట్టే లెక్కకు, మా చేను ఎంపికైంది. రాండమ్ నంబరుతో సర్వే నంబరు పట్టారు, నైరుతి మూల నుంచి కొలిచి ఐదు మీటర్ల చదరం తాళ్లతో కట్టారు. ఆ ముక్కలో మాత్రం శెనక్కాయ బాగా కాసింది. ఊరంతా ఎండిపోయింది. "అప్పా, పక్కకు జరపండి, ఇది చూసి ఊరంతటికీ ఇన్సూరెన్స్ రాదు" అని మా నాయన బతిమాలాడు. జరపకూడదన్నారు. రూలు ప్రకారం వాళ్లదే రైటు. కోసేవాడి చేతికి ఎంపిక ఇస్తే ఆ లెక్కకు విలువే ఉండదు.

తప్పు ఎక్కడుందో బోర్డు మీద వేసి చూపించాను. పంటల బీమాలో ఒక ఊరికి కనీసం నాలుగు చోట్ల కోస్తే చాలంటారు. స్టాండర్డ్ ఎర్రర్ అంటే మన సగటులో ఉండే పొరపాటు అంచనా: స్టాండర్డ్ డీవియేషన్‌ను (దిగుబడులు సగటు నుంచి ఎంత చెదిరాయో చెప్పే కొలత) శాంపిల్ సైజు, అంటే కోసిన చోట్ల సంఖ్య, వర్గమూలంతో భాగించడమే. నాలుగు చోట్ల కోస్తే ఒక్కచోట కోసినదానికంటే పొరపాటు సగానికి తగ్గుతుంది, అంతే. మళ్లీ అందులో సగం కావాలంటే పదహారు చోట్ల కోయాలి. పంట బాగున్న ఒక్క ముక్క నాలుగింటి సగటును ఎంత లాగేస్తుందో మా నాయనకు ఫార్ములా రాకుండానే తెలుసు.

ఇంటర్వ్యూ చేసేవాళ్లలో ఒకాయన ముందుకు వంగి విన్నారు. మిగిలినవాళ్లు నా ఫైలు తిరగేస్తున్నారు. ఉద్యోగం ఎనిమిది పేపర్లున్న మ్యాథ్స్ పీహెచ్‌డీకి వచ్చింది. ఆయన మంచివాడే. కానీ ఆ ఏడాది ఆ కాలేజీ పిల్లలు ఫోన్ చేసి నన్ను అడిగింది ఇదే: "మేడమ్, టీ టెస్ట్ ఫార్ములా వచ్చింది, అది ఎప్పుడు వాడాలి?"

మ్యాథ్స్ వాళ్లు రాకూడదని నేను అనను. పేరుమోసిన స్టాటిస్టిక్స్ శాస్త్రవేత్త సి.ఆర్.రావు గారు పుట్టిన హడగలి అప్పట్లో మన దత్తమండలాల్లోని బళ్లారి జిల్లాలోదే. ఆయనా ఆంధ్ర యూనివర్సిటీలో మ్యాథ్స్ పీజీ చేశాకే కలకత్తా వెళ్లి స్టాటిస్టిక్స్ చదివారు. కానీ చదివారు! అది లేకుండా వచ్చి క్లాసులో నిలబడితే నష్టపోయేది పిల్లలే.

నన్నడిగితే ఈ పోస్టుకు రెండే పరీక్షలు పెట్టాలి. నిజంగా డిగ్రీ చదివే పిల్లల ముందు అరగంట పాఠం, ఆర్ సాఫ్ట్‌వేర్‌లో గానీ ఎక్సెల్‌లో గానీ ఒక మండలం వర్షపాతం డేటా ఇచ్చి ఒక గంట. తర్వాతే పేపర్లు లెక్కపెట్టుకోవచ్చు.

మీరు నెట్‌కు ఇప్పుడే కూర్చోండి, పీహెచ్‌డీ అయ్యేదాకా ఆగకండి. 2023 సవరణ తర్వాత అసిస్టెంట్ ప్రొఫెసర్‌కు నెట్ గానీ సెట్ (రాష్ట్ర స్థాయి అర్హత పరీక్ష) గానీ ఉంటే చాలు. మీ ఊరి డేటాతో ఒక పాఠం కంఠతా వచ్చేలా సిద్ధం చేసుకోండి. పాఠం చెప్పమని వాళ్లు అడగకపోతే మీరే అడగండి. బ్యాగులో రెండు చాక్‌పీసులు పెట్టుకెళ్లండి, ఆ రోజు ఆ గదిలో అవీ లేవు, అటెండరు పక్క క్లాసు నుంచి తెచ్చిచ్చాడు.