గాడ్ ఆఫ్ వార్ 2 మొదలుపెడుతున్న మేనల్లుడికి

చిన్నా,

మీ నాన్న పాత ప్లేస్టేషన్ 2 దుమ్ము దులిపి గాడ్ ఆఫ్ వార్ 2 గేమ్ ఆడబోతున్నావని మీ అమ్మ చెప్పింది. ఎంత సంతోషమేసిందో! ఆ వెంటనే, "నేరుగా గాడ్ మోడ్‌లోనే మొదలుపెడతాడట" అంది. బాగా కష్టమైన స్థాయి అది. అప్పటి నుంచి నాకు ఒకటే టెన్షన్.

పద్దెనిమిది నిండేదాకా ఆ ఆటలు ముట్టుకోవద్దంటే మాట నిలబెట్టుకున్నావు. నిండాక కూడా ముందు 2018లో వచ్చిన కొత్తదే ఆడావు. అది తెలిసినవాడివి కాబట్టే నా భయం. అందులో గొడ్డలి పట్టుకుని, కొడుకును వెంటేసుకుని, ఆచితూచి మాట్లాడే హీరో క్రేటోస్‌ను చూశావు. రెండు ఆటలకూ దర్శకుడు కోరీ బార్లాగే అయినా, 2007 నాటి క్రేటోస్ వేరే మనిషి. కోపం తప్ప ఇంకేమీ లేనివాడు. చేతికి కూడా తేడా తెలుస్తుంది. ఇక్కడ కెమెరా నీ చేతిలో ఉండదు. కుడి స్టిక్ తిప్పితే చూపు తిరగదు, క్రేటోస్ పక్కకు దొర్లుతాడు. మొదటి గంటలో ఇది అలవాటు చేసుకో, మిగతాది అదే వస్తుంది.

డిస్క్ మెత్తటి గుడ్డతో మధ్యలోంచి అంచు వైపు తుడువు. అది రెండు పొరల (డ్యుయల్ లేయర్) డీవీడీ, పాత మెషీన్ల లెన్స్ చదవడానికి మొరాయిస్తుంది. వెలుగు స్తంభం కనిపించిన ప్రతిచోటా సేవ్ చెయ్యి, స్లాట్ మార్చి మార్చి చెయ్యి. సేవ్ అవుతుండగా మెమరీ కార్డు ముట్టుకోకు.

ఆట రోడ్స్ నగరంలో మొదలవుతుంది. ఆ మహా కంచు విగ్రహం ప్రాణం పోసుకుని నీ మీదికొస్తుంది. అప్పటికి నువ్వు యుద్ధ దేవుడివి, చేతినిండా శక్తులుంటాయి. ఒలింపస్ కత్తిలో పొయ్యమనే నెపంతో దేవతల రాజు జ్యూస్ అవన్నీ లాగేసుకుంటాడు. కంగారుపడకు, నువ్వు చేసిన తప్పేం కాదు, కథే అంత. భూమాత గయా నిన్ను పాతాళం నుంచి పైకి పంపాక మళ్లీ మొదటి నుంచి కూడబెట్టుకోవాలి.

కూడబెట్టడం దగ్గరే మీ నాన్న దెబ్బతిన్నాడు. ఇది కాస్త నిదానంగా చదువు.

దారిలో ఆటవిక రాజు ఎదురవుతాడు. మొదటి ఆటలో క్రేటోస్‌ను ఓడించి, ప్రాణం కాపాడమని అప్పటి యుద్ధ దేవుడు ఏరీస్‌ను వేడుకునే గతి పట్టించింది ఇతనే. ఇతన్ని చంపితే అతని పెద్ద సుత్తి నీకొస్తుంది. మీ నాన్నకు ఆ సుత్తి చూడగానే మతిపోయింది. ఎత్తి నేలకేసి కొడితే తెర మొత్తం అదిరేది మరి! అప్‌గ్రేడ్ తెర తెరిచి బటన్ నొక్కి పట్టుకున్నాడు. శత్రువుల్ని చంపి కూడబెట్టిన ఎర్ర గోళాలు బొటబొటా కారిపోతున్నాయి, అంకె తగ్గిపోతోంది. "కొంచెం ఉంచు అన్నయ్యా" అని నేను పక్క నుంచి అంటూనే ఉన్నాను. వదల్లేదు. ఆ తర్వాత దొరికిన గోళాలు కూడా మాయలకు కాస్త, విల్లుకు కాస్త, మళ్లీ సుత్తికి కాస్త. అసలు ఆయుధమైన గొలుసుల బ్లేడ్లకు మాత్రం ఏమీ మిగల్లేదు.

ఒకసారి పోసిన గోళాలు వెనక్కి రావు. సుత్తి బరువైనది, ఎత్తడానికే సమయం తీసుకుంటుంది. మేక కాళ్ల సాటర్లేమో కర్రలు గిర్రున తిప్పుతూ మీదపడతారు. అన్నయ్య సుత్తి ఎత్తేలోపు రెండు దెబ్బలు పడేవి. పెర్సియస్ అనే వీరుడి దగ్గరకొచ్చేసరికి చేతులెత్తేశాడు. పెర్సియస్ కంటికి కనపడడు, నీళ్లలో లేచే అలలను బట్టి ఎక్కడున్నాడో పట్టుకోవాలి. చటుక్కున కొట్టి తప్పుకోవాల్సిన చోట సుత్తి ఏం పనికొస్తుంది? మీ నాన్న ఆటను తిట్టలేదు, నన్నూ కసరలేదు. కంట్రోలర్ ఒళ్లో పెట్టుకుని చాలాసేపు తెరకేసి చూస్తూ కూర్చున్నాడు. అలా చూడలేక నేనే కొత్త ఆట మొదలుపెట్టి చేతికిచ్చాను. ఈసారి దొరికిన ప్రతి గోళం ముందు బ్లేడ్లకే పోశాడు. అదే పెర్సియస్ చాలా తొందరగా కూలిపోయాడు.

అందుకే చెబుతున్నా, బ్లేడ్లు పూర్తిగా ఎదిగేదాకా ఇంకో ఆయుధం జోలికి పోకు. ఎంత ముచ్చటేసినా సరే. ప్రాణం నిండుగా ఉన్నప్పుడు ఆకుపచ్చ పెట్టె తెరవకు, వృథా అవుతుంది. గార్గన్ కళ్లు, ఫీనిక్స్ ఈకలు మాత్రం మూలమూలలా వెతుకు. అవి ప్రాణాన్ని, మాయను పెంచుతాయి. అన్నయ్య పోరాడుతుంటే అవి ఎక్కడున్నాయో చూసిపెట్టడం నా పని. నాకు ఆ పనే ఇష్టంగా ఉండేది.

దెబ్బలు తిప్పికొట్టే గోల్డెన్ ఫ్లీస్ దొరికాక రెండు మూడు రోజులు దాన్నే సాధన చేస్తూ కూర్చున్నా నష్టం లేదు. ఎల్1 బటన్ నొక్కి పట్టుకుంటే దెబ్బ కాచుకోవడమే. దెబ్బ తగలబోయే క్షణంలో నొక్కితే శత్రువు విసిరింది శత్రువుకే తగులుతుంది. ఆ క్షణం వేళ్లకు పట్టుబడ్డాక ఆట సగం తేలికవుతుంది.

ఇప్పుడు గాడ్ మోడ్ సంగతి. వద్దురా నాన్నా. అది వదిలేస్తే తక్కువతనం ఏమీ కాదు. మామూలు మోడ్‌లో ఒకసారి పూర్తి చెయ్యి, అప్పుడు దానికంటే కష్టమైన టైటాన్ మోడ్ తెరుచుకుంటుంది. నీ పంతం దాని మీద చూపించు, నేనే పక్కన కూర్చుని చూస్తాను. మొదటిసారే చచ్చి బతుకుతూ ఆడితే కథ కంటికి ఆనదు. కిటికీ వెలుతురుకు ఎదురుగా ఒకడి నీడ మాత్రమే కనిపిస్తూ యుద్ధం జరిగే గది ఒకటుంది. ఎవరితోనో చెప్పను. అక్కడ గెలిచాక వచ్చే సన్నివేశం మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ స్కిప్ చెయ్యకు. అది చూశాక మీ నాన్నా నేనూ ఆ రోజుకు ఆట ఆపేశాం.

రహస్యం చదివించడానికి ఒక అనువాదకుణ్ణి ఈడ్చుకెళ్లే చోటొకటి వస్తుంది. అక్కడ నీకు కడుపులో తిప్పినట్టయితే మంచిదే, నాకూ అలాగే అయింది.

సర్కిల్ బటన్ టకటకా నొక్కించే చోట్లు చాలా ఉంటాయి. బొటనవేలు లాగితే ఆపు. నువ్వు నొప్పి చెప్పుకునే రకం కాదు, అదే నా దిగులు. తెల్లవార్లూ కూర్చోవద్దు, సేవ్ చేసి పడుకో.

కట్టేసి ఉన్న ప్రొమీథియస్ అనే టైటాన్ దాకా వచ్చాక ఫోన్ చెయ్యి. గోళాలు ఎన్నున్నాయో, దేనికి పోశావో ముందు నాకు చెప్పాలి.

మీ అత్త