తడి గొడుగు ముందే కనిపిస్తే

తమ్ముడూ,

నీ ఉత్తరం అందింది. నెలలో తొమ్మిది డిటెక్టివ్ నవలలు మొదలుపెట్టావు. నాలుగు పూర్తిచేసి, మూడు సగంలో ఆపి, రెండింటిని ఇరవై పేజీలు దాటకుండానే పక్కన పడేశావన్నమాట. పూర్తిచేసిన నాలుగింట్లో మూడింటికి హంతకుడెవరో ముందే తెలిసిపోయిందనీ, నాలుగోదాంట్లో ఎవడైతే నాకేంటి అనిపించిందనీ రాశావు. ఇలాంటి కథలే రాద్దామని కూర్చున్నవాడికి అవే చదవబుద్ధి కాకపోతే ఇక రాసేదేమిటని నీ బెంగ.

బెంగ సంగతి తర్వాత చూద్దాం. ముందు నువ్వు పంపిన జాబితా నువ్వే ఇంకోసారి చూడు. తొమ్మిదింట్లో ఐదు ఒకే సిరీస్‌వి, అవీ వరసగా చదివినవి. సిరీస్ రాసేవాడు పాఠకుడు చాన్నాళ్ల తర్వాత మళ్లీ కలుస్తాడన్న లెక్కతో రాస్తాడు. అందుకే డిటెక్టివ్ ఊతపదం, కళ్లజోడు తుడుచుకునే అలవాటు, పాత కేసు ప్రస్తావన ప్రతి పుస్తకంలోనూ మళ్లీ తెస్తాడు. కొత్తవాడికి అది పరిచయం, పాతవాడికి పలకరింపు. నాలుగు రోజులకో పుస్తకం చొప్పున లాగించేవాడికి మాత్రం ఆ పలకరింపే హోరెత్తిపోతుంది. పైగా హంతకుణ్ణి దాచే పద్ధతి కూడా దస్తూరీ లాంటిదే. ఒకరు అందరికంటే ముందు సాయానికి వచ్చినవాడి వెనక దాస్తారు, ఇంకొకరు అందరూ జాలిపడే మనిషిలో దాస్తారు. మూడో పుస్తకానికల్లా దస్తూరీ పట్టుబడుతుంది. ఒకే రచయితవి రెండు పుస్తకాలైతే మధ్యలో కనీసం రెండు నెలలు ఎడం ఉంచు. రచయితలు వేరైనా సరే, బయటి ప్రపంచంతో సంబంధం తెగిపోయిన బంగళా కథలు రెండు వరసగా చదవకు.

ఇది కాక ఇంకేమైనా ఉందా అన్నది ఒక పూటలో తేల్చుకోవచ్చు. నాలుగైదేళ్ల కిందట నీకు బాగా నచ్చిన నవల ఒకటి తియ్యి. హంతకుడు గుర్తున్నా ఫర్వాలేదు. పొద్దున్నపూట, ఫోను వేరే గదిలో పెట్టి, మొదటి నలభై పేజీలు చదువు. మంచమెక్కాక చదివితే ఈ పరీక్ష చెల్లదు. అప్పుడు వచ్చేది విసుగో నిద్రో తెలియదు. పుస్తకం లాక్కుపోయిందా, నీ అభిరుచికి ఏమీ కాలేదు, తప్పు ఆ తొమ్మిదింటిదీ వాటి వరసదీ. లాక్కుపోలేదుగానీ 'ఓహో, ఇక్కడ ఇది పెట్టాడా' అని పనితనం కనిపిస్తోందా, అది వేరే సంగతి, కింద చెబుతాను. రెండూ లేవు, ఆ పుస్తకమే కాదు, ఏ వ్యాసం చేతికి తీసుకున్నా రెండో పేరాలో కళ్లు జారిపోతున్నాయా, అది ఒట్టి అలసట. పదిరోజులు ఏదీ చదవకు, తొందరగా పడుకో.

నాకు మాత్రం నీ సంగతి ఆ రెండోదే అనిపిస్తోంది. ఈ చిన్న ముక్క చూడు:

"మేడమీది గదిలో ఇనప మంచం, తలుపు సరిగా పడని బీరువా, ఆరీ ఆరని గొడుగు, గోడకి ఐదు నిమిషాలు వెనకబడ్డ గడియారం ఉన్నాయి. ఆయన గడియారం కేసి చూస్తుండగానే కింద ఏదో భళ్లున పగిలింది."

ఇక్కడ క్లూ గొడుగు. ఆ గదిలో ఉండే మనిషి పది పేజీల ముందే "పొద్దుట్నుంచీ గడప దాటలేదండీ" అని ఉన్నాడు. మాట ఒకచోట, గొడుగు ఇంకోచోట. ఏ ఒక్కటీ విడిగా క్లూ కాదు. గొడుగు వరసలో మూడోది, చివర్లో లేదు, ఎందుకంటే చివరి వస్తువు మీద చూపు ఆగుతుంది. ఆ చోట గడియారం పెడితే డిటెక్టివ్ కథలకు అలవాటుపడ్డవాడు దానిమీదకే ఉరుకుతాడు. ఇంకో పని కూడా జరిగింది, చూశావా? బీరువాకీ లోపముంది, గడియారానికీ లోపముంది. గొడుగొక్కటే తడిగా ఉండి మిగతావన్నీ ఒట్టి మంచం, ఒట్టి బీరువా అయితే ఆ విశేషణమే కేకేసి చెప్పేసేది.

ఇదే ముక్క పాడయ్యేది ఎక్కడ? వాన పడిందని ఇంకెక్కడా చెప్పకపోతే పాడవుతుంది. ఎవరో ఆరేసిన బట్టలు తడిసిపోయాయని విసుక్కుంటే చాలు, వాన వచ్చినట్టు పాఠకుడి మనసులో ఉండిపోతుంది. కింద పగిలిన వస్తువుకి కథలో వేరే పనేమీ లేకపోయినా పాడవుతుంది. ఆ చప్పుడు ఉత్తదే అని తేలిన మరుక్షణం, గదిలో ఏదో దాచడానికే ఈ గోలంతా అని చురుకైన పాఠకుడు వెనక్కి తిరిగి చూస్తాడు. పగిలినదానికీ ఒక కారణం, ఒక పర్యవసానం ఉండాలి.

ఆర్నెల్లుగా నువ్వే ఇలాంటి గదులు సర్దుతున్నావు, గొడుగులు దాస్తున్నావు. ఎదుటివాడి గదిలోకి అడుగుపెట్టగానే నీ కన్ను మూడో వస్తువు మీద పడక మరెక్కడ పడుతుంది? ఇష్టం పోయిందనుకుంటున్నావుగానీ, 'ఎవరు' అన్న ప్రశ్న మీద ఆకలి తగ్గి 'ఎలా దాచాడు' అన్నదాని మీదకు మళ్లింది, అంతే. కాకపోతే ఈ రెండో ఆకలిని మొదటి చదువులోనే తీర్చుకోవాలని చూస్తున్నావు. పెన్సిల్ పట్టుకుని చదివానని రాశావు కదా, అదే కొంప ముంచింది. మొదటిసారి పెన్సిల్ ముట్టుకోకు. మోసపోవడానికి సిద్ధపడి చదువు. గీతలు గీసేది రెండోసారి.

హంతకుడు ముందే తెలిసిపోయిన ఆ మూడు పుస్తకాలనీ ఒకే గాటన కట్టెయ్యకు. నీకెలా తెలిసిందో చూసుకో. ఫలానా పేజీలో ఫలానా మాట వల్ల పట్టుకున్నానని చూపించగలిగితే అది నీ గెలుపు, పుస్తకం తప్పేమీ లేదు. ఆధారాలన్నీ ముందే పాఠకుడి కళ్ల ముందు పెట్టాలన్నది ఈ ఆటలో పాత నియమం. 1929లో రోనాల్డ్ నాక్స్ అనే ఇంగ్లిష్ డిటెక్టివ్ కథల రచయిత రాసిన పది సూత్రాల్లో అదీ ఒకటి. అలా పెట్టిన రచయిత ఒక్కోసారి దొరికిపోతాడు, తప్పదు. అలా కాకుండా "ఇంతమందిలో వీడికే కథలో పనిలేదు, కాబట్టి వీడే" అని వాసన పట్టావంటే అది రచయిత వైఫల్యం. నీ అనుమానితుల పట్టిక పక్కన పెట్టుకుని, అసలు హత్యే జరక్కపోతే ఈ మనిషి ఆ ఇంట్లో ఎందుకుంటాడు అని ఒక్కొక్కరి గురించీ అడుగు. జవాబు లేనివాడికి ఇప్పుడే ఒక పని అప్పగించు: తీర్చాల్సిన అప్పో, చూసిపెట్టాల్సిన పెళ్లి సంబంధమో, ఏదో ఒకటి.

ఎవడైతే నాకేంటి అనిపించిన నాలుగో పుస్తకం జబ్బు వేరు. అక్కడ హంతకుడి ఊసు వదిలేసి, చచ్చిపోయిన మనిషి దగ్గర మొదలుపెట్టు. యాభయ్యో పేజీ వచ్చేసరికి ఆ మనిషి సగంలో వదిలి వెళ్లిన పని ఒక్కటైనా నీకు తెలిసిందా? తెలియకపోతే అది శవం కాదు, గళ్లనుడికట్టులో నల్లగడి. 1944లో ఎడ్మండ్ విల్సన్ అనే అమెరికన్ విమర్శకుడు ఈ నవలలు జనం ఎందుకు చదువుతారో అంతుపట్టడం లేదని న్యూయార్కర్ పత్రికలో రాశాడు. కోపమొచ్చిన పాఠకులు ఉత్తరాల మీద ఉత్తరాలు రాసి, ఇవి చదివి చూడండని పుస్తకాల పేర్లు చెప్పారు. ఆయన మరికొన్ని చదివి, 1945 మొదట్లో ఇంకో వ్యాసంలో ఇంకా గట్టిగా తిట్టాడు. ఆయన అభిప్రాయంతో నాకు పేచీ ఉందిగానీ, ఆయన చదివిన పద్ధతితో ఇంకా పెద్ద పేచీ. మనసు లేనివాడు పంతానికి వరసపెట్టి చదివితే విసుగు రెట్టింపవుతుంది. నువ్వు మొన్న నెల చివరి పదిరోజులూ చేసిందీ అదే. ఆరోది నచ్చలేదని ఏడోది, ఏడోది నచ్చలేదని ఎనిమిదోది.

వచ్చే నెల నాలుగు పుస్తకాలకు మించి వద్దు. అందులో డిటెక్టివ్ నవల ఒక్కటే ఉండాలి. మిగతావాటిలో ఒకటి హత్యలేని కుటుంబ కథ తీసుకో, ఇంట్లో అందరూ ఏదో దాస్తున్న రకంది. రహస్యాన్ని హత్య సాయం లేకుండా మూడొందల పేజీలు మోయడం ఎలాగో అక్కడ తెలుస్తుంది. ఇంకొకటి విషాల గురించో వేలిముద్రల గురించో మామూలు పాఠకులకోసం రాసిన శాస్త్రగ్రంథం. నాలుగోది నీ ఇష్టం. ఆ ఒక్క డిటెక్టివ్ పుస్తకం కూడా హంతకుణ్ణి ముందే చూపించే రకం అయితే మంచిది. ఆర్. ఆస్టిన్ ఫ్రీమన్ అనే ఇంగ్లిష్ రచయిత 1912లోనే తన కథల సంపుటిలో ఈ పద్ధతి పెట్టాడు: నేరం ఎలా జరిగిందో మనకు ముందే చెప్పేసి, డిటెక్టివ్ దాన్ని ఎలా లాగాడన్నది తర్వాత చూపిస్తాడు. హంతకుడు ముందే తెలిసిపోతున్నాడని బాధపడేవాడికి అంతకంటే మందేముంది!

ఇక విప్పి చూసే పద్ధతి. 1966లో త్స్వెతాన్ టొడొరోవ్ అనే సాహిత్య విమర్శకుడు ఒక వ్యాసంలో డిటెక్టివ్ నవలలో రెండు కథలుంటాయన్నాడు, నేరం కథ ఒకటి, పరిశోధన కథ ఇంకొకటి. దాన్ని కాయితం మీద పెట్టు. నిలువునా ఒక గీత గియ్యి. ఎడమవైపు నేరం కథ, జరిగింది జరిగిన వరసలో, ఒక్కో సంగతి ఒక్కో వరుసలో. కుడివైపు ఆ సంగతి పాఠకుడికి తెలిసిన పేజీ నంబరు. నవలతో మొదలుపెట్టకు, వారం పడుతుంది, మధ్యలో మానేస్తావు. ఇరవై పేజీల కథ ఒకటి తీసుకుంటే ఒక సాయంత్రంలో అయిపోతుంది. తర్వాత నువ్వు సగంలో ఆపిన నవలకు చెయ్యి. కుడివైపు నంబర్లలో 90 తర్వాత ఒక్కసారిగా 190కి దూకిందనుకో, మధ్యలో వంద పేజీలపాటు నేరం గురించి కొత్తగా ఏమీ తెలియలేదన్నమాట. నువ్వు పుస్తకం మూసిన పేజీ ఆ వందలోనే ఉంటుందని పందెం కడతాను.

ఆ పేజీల్లో సాధారణంగా జరిగేది వాంగ్మూలాల ఊరేగింపు. ఒక్కొక్కరే వచ్చి కూర్చుని ఆ టైంలో ఎక్కడున్నారో చెప్పి లేచి వెళతారు. దాన్ని పరీక్షించడం తేలికే. అధ్యాయం మొదట్లో డిటెక్టివ్ ఏమనుకుంటున్నాడో ఒక వాక్యం, చివర్లో ఏమనుకుంటున్నాడో ఒక వాక్యం రాయి. రెండూ ఒకటే అయితే ఆ అధ్యాయం తీసేసినా కథ నడుస్తుంది. ఇదే కొలత నీ చిత్తుప్రతికీ పెట్టు. నువ్వు పంపిన భాగంలో ఏడు, ఎనిమిది అధ్యాయాలు నిలబడేలా లేవు. రెండింటినీ ఒకటిగా కలిపి, ఒక సాక్షి చెబుతుండగా రెండోవాడు తలుపు దగ్గర వినేలా చెయ్యి.

చిత్తుప్రతి మాట వచ్చింది కాబట్టి ఒక హెచ్చరిక. విసుగెత్తిన కొత్త రచయిత చేసే పని ఒకటుంది: మలుపు మీద మలుపు పెడతాడు. కథ చెప్పేవాడే హంతకుడంటాడు, చచ్చినవాడు చావలేదంటాడు, చివరికి డిటెక్టివ్‌నే నేరస్థుణ్ణి చేస్తాడు. తొమ్మిది పుస్తకాలు చదివి విసిగిన తనకోసం రాసుకుంటున్నాడుగానీ, ఈ నెల్లో మొదటి పుస్తకంగా తనది చేతికి తీసుకునేవాడికోసం కాదు. ఈ నెల నీ కథలో ముగింపు మార్చకు. వాక్యాలు దిద్దుకో, పేర్లు మార్చుకో, గదులు సర్దుకో, హంతకుణ్ణి మాత్రం ముట్టుకోవద్దు. కోనన్ డాయిల్ అంతవాడే విసుగెత్తి 1893లో తన డిటెక్టివ్ షెర్లాక్ హోమ్స్‌ను జలపాతంలో పడేశాడు. 1903లో చావలేదని చెప్పి వెనక్కి తెచ్చుకోవడానికి ఆయన పడ్డ తంటాలు ఆ కథలో కనిపిస్తూనే ఉంటాయి.

పుస్తకం ఎక్కడ ఆపొచ్చని అడిగావు. నాన్సీ పెర్ల్ అనే గ్రంథపాలకురాలి లెక్క ప్రకారం యాభై ఏళ్లలోపు వాళ్లు యాభై పేజీలు చదివి చూడాలి. ఆ వయసు దాటినవాళ్లు వందలోంచి తమ వయసు తీసేసి మిగిలినన్ని పేజీలు చదివితే చాలు. డిటెక్టివ్ నవలకు నేనింకొకటి కలుపుతాను: ఆపేముందు ఒక చీటీ మీద నీ ఊహ రాసి, చివరి అధ్యాయం చదివెయ్యి. పాపమేమీ కాదు. చీటీ తప్పయి, 'అదెలా కుదిరింది' అనిపిస్తే వెనక్కి వెళతావు. అనిపించకపోతే ఎవరికైనా ఇచ్చెయ్యి.

నీ దగ్గర సగంలో ఉన్న మూడింటికీ ఇదే చెయ్యి. వెనక్కి వెళ్లాలనిపించినదాన్ని కూడా ఇప్పుడు వద్దు, మూడు నెలలు అటక మీద పెట్టు. తీసినప్పుడు ఆపిన పేజీ నుంచి కాకుండా మొదటి పేజీ నుంచి చదువు. పెన్సిల్ గీతలు ఇప్పుడే రబ్బరుతో చెరిపేసి పెట్టుకో.

ఉంటాను,
అన్నయ్య