ఇనుము గుణాలు, ఉపయోగాలు ఏమిటి? అయస్కాంతం అంటుకుంటేనే ఇనుమా?

పరమాణు సంఖ్య 26, కరిగేది 1538 డిగ్రీల దగ్గర. ఇవి ఏ పాఠ్యపుస్తకంలోనైనా దొరుకుతాయి. మీ రెండో ప్రశ్నకి మాత్రం నాకు జవాబు కొలిమి దగ్గర దొరికింది.

పని నేర్చుకునే రోజుల్లో మా మేస్త్రి ఓ పాత ఉలికి పదును పట్టమన్నారు, అంటే కాల్చి నీళ్ళలో ముంచి గట్టిపరచమని. ఎంత ఎర్రగా కాలాలని అడిగితే, తీగకి కట్టిన అయస్కాంతం ఒకటి చేతికిచ్చి, "ఇది అంటుకోవడం మానేస్తే చెప్పు" అన్నారు. ఇనుముకి అయస్కాంతం అంటుకోకపోవడమేమిటని నవ్వుకున్నాను. ఉలి కొసన ముదురు ఎరుపు తగ్గి కాస్త వెలుగొచ్చేసరికి, అప్పటిదాకా టక్కున అతుక్కుంటున్నది కాస్తా ఊరికే ఊగసాగింది. 770 డిగ్రీలు దాటితే ఇనుముకి ఆ గుణం పోతుంది. చల్లారితే మళ్ళీ వస్తుంది.

ఇంకొంచెం కాల్చి నీళ్ళలో ముంచాను. చుయ్‌మంది. ఆకురాయి పెట్టి రుద్దితే గాజు మీద జారినట్టు జారింది. ఆ గర్వంలో సుత్తితో ఒక్కటి కొట్టాను. ఉలి ముక్కు విరిగి నా చెవి పక్కనుంచి పోయింది! ముంచాక దాన్ని మళ్ళీ సన్నసెగన ఊదారంగు తేలేదాకా కాచాలట. అది చేయకుండా కొట్టినందుకు తిట్లు అదనం.

నన్నడిగితే ఇనుము గొప్పతనమంతా ఇక్కడే ఉంది. స్వచ్ఛమైన ఇనుము మెత్తన. ఎన్నిసార్లు ముంచినా అలా గట్టిపడదు. ఒక శాతం లోపు కార్బన్ చేరితే ఉలి అవుతుంది, మూడు నాలుగు శాతమైతే పోత ఇనుము, సుత్తి దెబ్బకి పగులుతుంది. వంతెనలూ, రైలు పట్టాలూ అన్నీ ఈ కాస్త తేడా పుణ్యమే.

అయస్కాంతం సంగతంటారా, 18 శాతం క్రోమియం, 8 శాతం నికెల్ కలిసిన స్టెయిన్‌లెస్ స్టీలుకి అది దాదాపు అంటుకోదు. అందులో 70 శాతం దాకా ఇనుమే మరి! ఉత్త నికెల్‌కేమో చక్కగా అంటుకుంటుంది. కాబట్టి ఆ పరీక్షని నమ్మకండి.

అడగకపోయినా ఒకటి చెబుతాను. తుప్పు గీకకుండా పైన రంగు పూసి చేతులు దులుపుకునేవాళ్ళని చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. తుప్పు ఇనుముకన్నా ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది, పొరలుగా ఉబ్బి ఆ రంగుని లోపల్నుంచి నెట్టేస్తుంది. ఏడాది తిరక్కుండానే పెచ్చులు! విరిగిన ఆ ఉలిని సానబట్టి, అంగుళం పొట్టిదైనా ఇప్పటికీ వాడుతున్నాను, ఇలాంటివాళ్ళు పూసిన రంగు గీకడానికే.