మినీ ట్రాక్టర్‌తో పాటు ఏ అటాచ్‌మెంట్లు తీసుకోవాలి?

హైదరాబాద్ పక్కన మొయినాబాద్‌లో నాలుగెకరాల మామిడితోట ఉంది, 24 హెచ్‌పీ మినీ ట్రాక్టర్ కొంటున్నాం, డీలర్ చూపించినవన్నీ తీసుకోవాలా అని అడిగారు. వద్దండి. ముందు రోటవేటర్ (తిరిగే బ్లేడ్లతో మట్టిని గుల్ల చేసే పరికరం) ఒక్కటి సరిగ్గా ఎంచుకోండి. మనవాళ్లు ఎక్కువగా పొరపాటు పడేది అక్కడే.

ఇంజన్ 24 హెచ్‌పీ అయినా, ట్రాక్టర్ వెనక ఉండి రోటవేటర్‌ను తిప్పే పీటీఓ షాఫ్ట్‌కు చేరేది అంతకంటే తక్కువ. అందుకే పీటీఓ హెచ్‌పీ ఎంతో అడిగి రాసుకోండి. రోటవేటర్ వెడల్పు వెనక టైర్ల బయటి అంచులను దాటితే చాలు. అంతకంటే తక్కువైతే టైరు తొక్కిన మట్టి గట్టిగా అలాగే మిగిలిపోతుంది. పని త్వరగా అవుతుందని పెద్దది తగిలిస్తే, ఎండిన ఎర్రచెల్కలో ఇంజన్ మీద లోడ్ పడి డీజిల్ తాగేస్తుంది. దాని బరువును, వెనక తగిలించినవాటిని పైకెత్తే హైడ్రాలిక్ లిఫ్ట్ మోయగలదో లేదో కూడా చూడాలి.

చెట్లకు మందు కొట్టే పని ఉంటుంది కాబట్టి 540ఈ పీటీఓ ఉన్న మోడల్ దొరికితే వదలకండి. ఇంజన్ తక్కువ వేగంలో ఉన్నా షాఫ్ట్ నిమిషానికి 540 సార్లు తిరుగుతుంది కాబట్టి ఇలాంటి తేలిక పనికి డీజిల్ మిగులుతుంది. నేలలో నల్లరేగడి ఉంటే ఫోర్ వీల్ డ్రైవ్‌కు డబ్బు పెట్టొచ్చు.

ట్రాలీ ఇప్పుడే వద్దు, అద్దెకు తెచ్చుకోండి. ట్రాక్టర్ కొమ్మల కింద దూరుతుందో లేదో మీ తోటలోనే డెమో అడగండి.