మూడు గదుల కాలేజీలో స్పెషల్ బీఈడీ: అమ్మాయిని చేర్పించవచ్చా?

ప్రశ్న: మాది చీపురుపల్లి దగ్గర పల్లె. మా అమ్మాయి శ్రీకాకుళంలో బీఎస్సీ చదివి 62 శాతంతో పాసైంది. ఇప్పుడు స్పెషల్ బీఈడీ చేస్తానని పట్టుబట్టింది. మా మరిది కొడుకుకి తొమ్మిదేళ్లు, బుద్ధిమాంద్యం. వాడికి చెప్పులు వేసుకోవడం, చెయ్యి కడుక్కోవడం అన్నీ ఇదే నేర్పింది. మాకు దగ్గర్లో క్రైస్తవ మిషన్ వాళ్ల చిన్న కాలేజీ ఉంది. మూడు గదులు, ముప్పై సీట్లు, అంతే. మేం హిందువులం. అక్కడ రోజూ ప్రార్థన ఉంటుందట. చుట్టాలేమో ‘పిచ్చి పిల్లలకి పాఠాలు చెప్పడమేటి, రేపు సంబంధాలొస్తాయేటి’ అంటున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: అమ్మా, ముందు చుట్టాల మాట పక్కన పెట్టండి. తొమ్మిదేళ్ల పిల్లాడికి చెప్పులు వేసుకోవడం నేర్పిందంటే మీ అమ్మాయి ఈ చదువులో సగం ఇంట్లోనే మొదలుపెట్టేసింది.

ఆ పని ఎంత కష్టమో చెప్తాను. విజయనగరం జిల్లాలోనే ఒక భవిత కేంద్రానికి, అంటే ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం ప్రభుత్వం నడిపే కేంద్రానికి, వెళ్లినప్పుడు చూశాను. ఒక టీచరమ్మ పదేళ్ల బాబుకి చొక్కా గుండీలు పెట్టుకోవడం నేర్పుతోంది. పైనుంచి గుండీలన్నీ తనే పెట్టేసి, చివరిది మాత్రం సగం దూర్చి వదిలింది. బాబు దాన్ని ఇవతలికి లాగాలి. అంతే వాడి పని. లాగాడు. వాడి ముఖం వెలిగిపోయింది. అది కుదిరిన కొన్ని రోజులకు చివరి రెండు గుండీలు వదిలేస్తారు, తర్వాత మూడు. పనిని ముక్కలు చేసి, చివరి ముక్కతో మొదలుపెడితే ప్రతిసారీ పని పూర్తి చేసింది పిల్లాడే అవుతాడు. స్పెషల్ బీఈడీలో పనిని ఇలా ముక్కలు చేయడాన్ని టాస్క్ ఎనాలిసిస్ అంటారు, చివరి ముక్కతో మొదలుపెట్టడాన్ని బ్యాక్‌వర్డ్ చైనింగ్ అంటారు. ఒక్కో పిల్లాడికి విడిగా ప్రణాళిక రాయడం, దాన్ని ఐఈపీ అంటారు, అదీ నేర్పుతారు. ఇది లెక్చర్ విని వచ్చే విద్య కాదు. పిల్లల పక్కన కూర్చుని చేస్తేనే వస్తుంది.

అందుకే కాలేజీ చిన్నదని నాకు బెంగ లేదు. ముప్పై మందే ఉంటే అమ్మాయి గుండీ పెట్టించే తీరును లెక్చరర్ పక్కన నిలబడి చూసి సరిదిద్దగలరు. నాకు బెంగ ఉన్నది రెండు విషయాల్లో.

మొదటిది అనుమతి. మామూలు బీఈడీలా కాకుండా స్పెషల్ బీఈడీకి ఆర్‌సీఐ, అంటే భారత పునరావాస మండలి, గుర్తింపు ఇవ్వాలి. 1992 చట్టంతో ఏర్పడిన సంస్థ అది. ఏ కాలేజీకి, ఏ స్పెషలైజేషన్‌కు, ఎన్ని సీట్లకు, ఏ విద్యా సంవత్సరం వరకు అనుమతి ఉందో దాని వెబ్‌సైట్‌లో ఉంటుంది. అమ్మాయి చేరే సంవత్సరానికి అనుమతి ఉందో లేదో మీరే చూడండి. గోడకు కట్టిన పాత సర్టిఫికెట్ చూసి తృప్తి పడొద్దు. నా దగ్గరకు వచ్చిన ఒక కుర్రాడు అలాగే గడువు తీరిన అనుమతి చూసి చేరాడు. రెండేళ్లు చదివాక ఆర్‌సీఐ రిజిస్ట్రేషన్ నంబర్ రాలేదు. ఆ నంబర్ లేకపోతే స్పెషల్ ఎడ్యుకేటర్‌గా లెక్కలోకే రారు. వాడు నా ఎదురుగా కూర్చుని ఏడ్చాడు. ఆ రోజు నుంచి ఎవరు అడిగినా ముందు ఈ మాటే చెప్తున్నాను.

రెండోది ప్రాక్టీస్. కాలేజీ వాళ్లకు సొంత ప్రత్యేక పాఠశాల ఉందా, లేక మరో బడికి పంపుతారా? వారానికి ఎన్ని రోజులు? ఈ రెండూ అడగండి. మూడు గదులైనా పర్లేదు, పిల్లలు లేని కాలేజీ మాత్రం వద్దు. మీ మరిదిగారి బాబును చూసి అమ్మాయి స్పెషలైజేషన్‌గా మేధో వైకల్యమే, అంటే బుద్ధిమాంద్యమే, తీసుకోవాలనుకుంటోందేమో. వినికిడి లోపం, దృష్టి లోపం కూడా వేరే స్పెషలైజేషన్లు. ఆ కాలేజీలో ఏది ఉంటే అది అని సర్దుకోవద్దు. రెండేళ్ల చదువు, జీవితకాలపు పని.

ప్రార్థన సంగతి. రాజ్యాంగం 28వ అధికరణం ప్రకారం ప్రభుత్వ గుర్తింపు ఉన్న విద్యాసంస్థలో ఎవరినీ వారి ఇష్టం లేకుండా మతబోధకు, ప్రార్థనకు కూర్చోబెట్టకూడదు. ఇష్టం లేకపోతే అమ్మాయి ఆ మాట మర్యాదగా చెప్పవచ్చు. నా మనసులో మాట ఇంకొకటి కూడా ఉంది. మన దేశంలో అంధుల కోసం తొలి బడి 1887లో అమృత్‌సర్‌లో పెట్టింది ఆనీ షార్ప్ అనే మిషనరీ. చూపులేని పిల్లలకు చదువు దేనికని లోకం అనుకునే రోజుల్లో చేసిన పని అది. అందుకే మిషన్ కాలేజీ అనగానే అనుమానపడొద్దంటాను. మిగతా కాలేజీలను ఎలా పరీక్షిస్తారో దీన్నీ అలాగే పరీక్షించండి.

ఉద్యోగం గురించి దాచకుండా చెప్తాను. భవిత కేంద్రాల్లో పనిచేసే టీచర్లు చాలామంది ఏళ్ల తరబడి కాంట్రాక్టు మీదే ఉన్నారు. జీతం మీద టెన్షన్ మామూలే. కానీ పరిస్థితి కదులుతోంది. ప్రత్యేక అవసరాలున్న పిల్లలకు ప్రాథమిక స్థాయిలో పదిమందికి ఒకరు, ఆపై తరగతుల్లో పదిహేను మందికి ఒకరు చొప్పున టీచర్ ఉండాలని 2021లో సుప్రీంకోర్టు చెప్పింది. 2025లో మన రాష్ట్రం 2,260 స్పెషల్ ఎడ్యుకేషన్ టీచర్ పోస్టులు మంజూరు చేసింది. ఏపీ టెట్‌లో వీళ్లకు 1బి, 2బి అని విడిగా పేపర్లు ఉన్నాయి. బీఈడీ చదువుతూనే టెట్ సిలబస్ పక్కన పెట్టుకోమనండి. డీఎస్సీలో టెట్ మార్కులకూ వెయిటేజీ ఉంటుంది.

బీఈడీకి డిగ్రీలో 50 శాతం కావాలి. మీ అమ్మాయికి ఆ చింత లేదు. ఫీజు విషయంలో ఒక్క జాగ్రత్త. కన్వీనర్ కోటా సీటా, మేనేజ్‌మెంట్ సీటా, ఫీజు రీయింబర్స్‌మెంట్ వర్తిస్తుందా అని అడిగి, జవాబు కాగితం మీద రాయించుకోండి.

సీటు డబ్బు కట్టే ముందు ఒక్క పని చేయండి. మీ మండలంలో భవిత కేంద్రం ఉన్న బడి హెడ్మాస్టర్‌తో మాట్లాడి అమ్మాయిని ఆ కేంద్రంలో ఓ వారం కూర్చోనివ్వండి. అక్కడ మూర్ఛ వచ్చే పిల్లలుంటారు, కోపం వస్తే గిచ్చే పిల్లలుంటారు, బట్టల్లోనే మూత్రం పోసుకునే పెద్ద పిల్లలుంటారు. ఇంట్లో ప్రేమగా చూసే తమ్ముడు ఒక్కడు, ఇలాంటి పదిమంది వేరు. వారం తర్వాత కూడా చేస్తానంటే ఇక ఆపొద్దు. ఆ కాలేజీకి మీరూ వెళ్లండి, మీ మరిదిగారి బాబునీ తీసుకెళ్లండి. అక్కడి టీచర్లు వాడిని ఎలా పలకరిస్తారో కాసేపు చూడండి.