చలానాకు బదులు సమాజ సేవ చేస్తానంటే ఒప్పుకుంటారా?

ప్రశ్న: బైకుపై సరుకులు చేరవేసే పని నాది. హెల్మెట్ లేదని, సిగ్నల్ దాటానని పడిన చలానాలు పేరుకుపోయాయి. అంత డబ్బు ఇప్పుడు లేదు. కొత్త చట్టంలో సమాజ సేవ కూడా శిక్షేనంటున్నారు. జరిమానాకు బదులు అది చేస్తానని అడగవచ్చా?

జవాబు: అడగవచ్చు, కానీ అది మీ హక్కు కాదు. 2024 జులై 1న అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత సమాజ సేవను శిక్షల్లో చేర్చిన మాట నిజమే. అయితే అది కొద్ది నేరాలకే: చిన్న దొంగతనం, పరువు నష్టం, తాగి బహిరంగంగా అల్లరి చేయడం వంటివి. మీ చలానాలు మోటారు వాహనాల చట్టం కిందివి.

ఆ చట్టంలోకి 2019 సవరణతో సమాజ సేవ వచ్చింది. చిక్కు అక్కడే ఉంది. చలానా సొమ్ము కట్టి రాజీ చేసుకునే వీలు కల్పించే 200వ సెక్షన్, ఆ సొమ్ముకు ‘అదనంగా’ సేవ చేయించే అధికారాన్ని రాష్ట్ర ప్రభుత్వానికిచ్చింది. ‘బదులుగా’ అనలేదు. అంటే డబ్బు లేనివారికి ఊరట కాదు, ఇంకో బరువు. ఇది సబబైన పద్ధతని నేననుకోను, కానీ ఉన్న చట్టం అదే.

తాగి నడిపినవారిని కూడలిలో ప్లకార్డు పట్టుకుని నిలబడమని కోర్టు ఆదేశించిన వార్తలు చదివే ఉంటారు. అవి నేరం తేలాక వేసిన శిక్షలు. 185వ సెక్షన్ కింది ఆ నేరానికి రాజీయే లేదు. వాటిని చూపి మీ చలానా మాఫీ చేయమనలేరు.

మీకు అక్కరకొచ్చేది భారతీయ నాగరిక్ సురక్షా సంహిత (క్రిమినల్ కేసులు నడిపే పద్ధతి చెప్పే చట్టం) 464వ సెక్షన్. కేసు కోర్టుకు వెళ్ళి, మేజిస్ట్రేటు జరిమానా మాత్రమే వేసి, కట్టకపోతే జైలు అన్నారనుకోండి. వెంటనే కట్టలేనని చెప్పి గడువు కోరండి. మొత్తం 30 రోజుల్లోగా కట్టమనవచ్చు, లేదా రెండు మూడు వాయిదాలు ఇవ్వవచ్చు. మొదటి వాయిదా 30 రోజుల్లోగా కట్టాలి, తర్వాతి వాటి మధ్య ఎడం 30 రోజులకు మించకూడదు. ఆ తేదీల్లో కోర్టుకు హాజరవుతానని రాసిచ్చే బాండు అడుగుతారు. రాబడి తెలిపే కాగితం ఏదున్నా వెంట తీసుకెళ్ళండి. చాలామంది ఈ వెసులుబాటు అడగనే అడగరు. లోక్ అదాలత్‌లో చలానాలు తీసుకుంటున్నారేమో కూడా కనుక్కోండి.

హెల్మెట్ చలానాను మాత్రం తేలిగ్గా తీసుకోకండి. 194డి సెక్షన్‌లో రూ.1,000 జరిమానాతో పాటు మూడు నెలల లైసెన్సు అనర్హత కూడా ఉంది. బండే బతుకుదెరువైన మీకు జరిమానా కన్నా అదే పెద్ద దెబ్బ. అందుకే ఒప్పుకునే ముందు ఒక్కో చలానా ఏ సెక్షన్ కిందిదో, ఫొటోలో ఉన్నది మీ బండేనో కాదో చూసుకోండి. మీది కానిదాన్ని కోర్టులో సవాలు చేయండి.