బురద పట్టిన 3, చలానాలో 8

ప్రశ్న: రేణిగుంట గోదాము నుంచి చిత్తూరు అంగళ్లకు సబ్బులు, బిస్కెట్లు దింపే 407 లారీ తోలతాను. మాది వెనక తలుపులుండే మూసిన బాడీ. పోయిన మంగళవారం ఉదయం 11.10కి కరకంబాడి రోడ్డులో ఓవర్‌స్పీడు అని రూ.1,035 చలానా పడింది. ఆ టైముకు నేను చిత్తూరు చర్చి వీధిలో సరుకు దింపుతా ఉండాను. ఓనరు జీతంలో పట్టుకుంటానంటున్నాడు. లోక్ అదాలత్‌లో తగ్గించి కట్టొచ్చని తోటి డ్రైవర్లు అంటున్నారు. ఏం చేయాలి సార్?
- ఒక డ్రైవరు, తిరుపతి

జవాబు: ముందు ఆ డబ్బు కట్టకండి తమ్ముడూ. కట్టారంటే ఒప్పుకున్నట్టే. లోక్ అదాలత్ రాజీ కోసం, అక్కడి తీర్పు మీద అప్పీలు కూడా ఉండదు. చేయని తప్పుకు రాజీ ఎందుకు?

మీరు పంపిన ఫొటో పెద్దది చేసి చూశాను. అందులోది పట్ట కప్పి తాడు బిగించిన ఓపెన్ బాడీ. నంబరు చివర ఉన్నది 3. ఎడమ పక్క బురద కరుచుకుని మీ బండి నంబరులోని 8లా కనిపిస్తోంది. మా నాయన లారీ డ్రైవరే. బండెక్కే ముందు గుడ్డ తడిపి ప్లేటు తుడిచేవాడు, మాకు నవ్వొచ్చేది. ఇప్పుడు ఎవరి బురదకో మీకు చలానా.

మోటారు వాహనాల నిబంధనల్లో 2021లో చేర్చిన 167ఎ చూడండి. కెమెరా చలానాతో పాటు నంబరు ప్లేటు స్పష్టంగా కనబడే ఫొటో, కొలిచిన వేగం, తేదీ, సమయం, స్థలం ఇవ్వాలి. నోటీసు 15 రోజుల్లో పంపాలి. మీ ఫొటోలో ఆ స్పష్టతే లేదు.

అంగడి బిల్లు మీద పెన్నుతో రాసిన టైమును నమ్ముకోవద్దు, అది ఎవరైనా రాసుకోవచ్చు. గాదంకి టోల్‌గేటులో పోతూ ఒకసారి, వస్తూ ఒకసారి ఫాస్టాగ్ డబ్బు కట్ అయి ఉంటుంది కదా, ఆ స్టేట్‌మెంటు బ్యాంకు నుంచి తీయించండి. ఆ రెండు టైముల మధ్య మీ బండి కరకంబాడిలో ఉండే వీల్లేదు. దానికి తోడు మీ బండిని ముందు, వెనక, పక్క నుంచి ఫొటోలు తీయండి.

ఇవన్నీ జతచేసి ఈ-చలానా వెబ్‌సైటులో ఫిర్యాదు పెట్టండి. అదే అర్జీ ట్రాఫిక్ స్టేషనులో ఇచ్చి, రెండో కాపీ మీద తేదీతో ముద్ర వేయించుకోండి. అక్కడ తేలకపోతే కోర్టులో ఇవే కాగితాలు పనికొస్తాయి.

చలానా బండి యజమాని పేరు మీదే వస్తుంది. కాబట్టి అర్జీ మీద సంతకం చేయాల్సింది, ఫాస్టాగ్ లెక్క తీయించాల్సింది మీ ఓనరే. జీతం మాట ఎత్తే ముందు ఆయనకు ఈ పేజీ చూపించండి.